ఆఫీసులన్నీ ఒకే ఫోన్ సిస్టమ్ అంటారు, ఒకసారి ట్రాన్స్‌ఫర్ నొక్కి చూడండి

ఫోన్ సిస్టమ్ అమ్మేవాళ్లందరూ చెప్పే మాట ఒకటుంది: "మీ బ్రాంచిలన్నీ ఒకే సిస్టమ్ కింద పనిచేస్తాయి సార్, ఎక్కడి నుంచి ఎక్కడికైనా ఎక్స్‌టెన్షన్ నొక్కితే చాలు." నిజమే, నొక్కితే మోగుతుంది. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు గొంతు చేరవేయడం ఇవాళ పెద్ద విషయం కాదు. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కాల్ కలిసిన తర్వాతి సంగతులే. ట్రాన్స్‌ఫర్ చేస్తే తెగింది, పక్క బ్రాంచి మేనేజర్ ఫోన్‌లో ఉన్నారో లేదో దీపం చూపించట్లేదు, ఎవరికో చేస్తే ఇంకెవరిదో వాయిస్‌మెయిల్ వినిపించింది, అన్నీ ఈ బాపతే. అందుకే కొటేషన్ చేతికొచ్చినప్పుడు కాల్స్ గురించి తక్కువ, ఫీచర్ల గురించి ఎక్కువ అడుగుతాను. ఏ ఫీచర్ ఆఫీసు గోడ దాటుతుంది, ఏది దాటదు, ముందు అది తేలాలి.

"ఒకే సిస్టమ్" అని కాగితం మీద రాసేది రెండు రకాల ఏర్పాట్లకు. మొదటి రకంలో ఎక్కడో ఒకచోట, హెడ్డాఫీసులోనో డేటా సెంటర్‌లోనో క్లౌడ్‌లోనో, ఒకే కాల్ సర్వర్ ఉంటుంది. అన్ని బ్రాంచిల ఫోన్లూ నెట్‌వర్క్ మీదుగా వచ్చి దాంట్లోనే రిజిస్టర్ అవుతాయి, ఏ ఫోన్ ఏ ఊళ్లో ఉందన్నది దానికి పెద్దగా పట్టదు. రెండో రకంలో ప్రతి ఆఫీసుకూ దాని పీబీఎక్స్ (ఆఫీసు కాల్స్‌ను కలిపే పెట్టె) దానికే ఉంటుంది, వాటి మధ్య ట్రంక్, అంటే కాల్స్ మోసే ఉమ్మడి లింక్, వేసి కలుపుతారు. ఇది రెండిళ్ల మధ్య గోడకు కిటికీ పెట్టినట్టు: మాట దాటుతుంది, మనిషి దాటడు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మొదటి రకమే తేలిక. కానీ చాలా కంపెనీల్లో కనిపించేది రెండోదే, ఎందుకంటే ఆఫీసులన్నీ ఒకేసారి పుట్టవు. ఒక్కోటి ఒక్కో ఏడాది తెరుస్తారు, ఇంకో కంపెనీని కొన్నప్పుడు దాని పెట్టె కూడా వెంట వస్తుంది, అది బాగానే పనిచేస్తోంది కదా తీసేయడం ఎందుకని అకౌంట్స్ వాళ్లు అంటారు. అలా రకరకాల బ్రాండ్ల పెట్టెలు ఒకే కంపెనీలో పోగవుతాయి, వాటిని కలిపే పని మన నెత్తిన పడుతుంది.

పెట్టెల్ని కలపడం కొత్తేం కాదు. వెనకటికి టెలిఫోన్ కంపెనీ దగ్గర రెండు ఆఫీసుల మధ్య లైన్ అద్దెకు తీసుకుని టై లైన్ అనేవాళ్లు, తర్వాత ఈ1 లైన్లు వచ్చాయి, ఒక్కోదాంట్లో 30 కాల్స్ పడతాయి. గొంతు వెళ్లేది. కానీ "కాల్ చేసిన మనిషి పేరు ఇది", "ఆ ఎక్స్‌టెన్షన్ ఖాళీ అవగానే నాకు చెప్పు" లాంటివి ఒక పెట్టె ఇంకో పెట్టెకు చెప్పాలంటే ఉమ్మడి పద్ధతి కావాలి. 1980ల్లో బ్రిటన్‌లో డీపీఎన్ఎస్ఎస్ అని ఒకటి తయారుచేసుకున్నారు, ఆ తర్వాత ఐఎస్‌డీఎన్ అనే డిజిటల్ ఫోన్ లైన్ల సిగ్నలింగ్ ఆధారంగా క్యూసిగ్ అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది. ఇవి కాక పెద్ద తయారీదారులు తమ పెట్టెల మధ్య మాత్రమే నడిచే సొంత ప్రోటోకాల్స్ పెట్టుకున్నారు. క్యూసిగ్ పేరు ఇప్పుడు పెద్దగా వినపడదు గానీ, నన్నడిగితే ఫీచర్ల విషయంలో అది చాలా ముందుచూపుతో చేసిన పని. పేరు చూపించడం, ఫార్వర్డ్, ట్రాన్స్‌ఫర్, కాల్ దారి కుదించడం, బిజీగా ఉంటే కాల్‌బ్యాక్, వాయిస్‌మెయిల్ దీపం, ఒక్కోటీ అందులో విడిగా నిర్వచించి ఉంది.

తర్వాత సిప్ వచ్చింది, ఐపీ నెట్‌వర్క్ మీద కాల్స్ నడిపే పద్ధతి. ఇప్పుడు వాడే సిప్‌కు మూలపత్రం ఆర్ఎఫ్‌సీ 3261 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాలను ఆర్ఎఫ్‌సీ అంటారు), అది 2002 నాటిది. కాల్ మొదలుపెట్టడం, మోగించడం, ఎత్తడం, పెట్టేయడం అందులో ఉన్నాయి. ట్రాన్స్‌ఫర్‌కు కావలసిన రిఫర్ అనే మెసేజ్ 2003లో వేరే పత్రంగా వచ్చింది, అవతలివాళ్లతో మాట్లాడి ఇచ్చే ట్రాన్స్‌ఫర్‌కు అవసరమయ్యే రీప్లేసెస్ 2004లో, వాయిస్‌మెయిల్ దీపానికి సంబంధించింది కూడా ఆ ఏడే, ఎవరు ఫోన్‌లో ఉన్నారో చూపించడానికి వాడే డైలాగ్ ఈవెంట్స్ 2005లో. ఇలా ఒక్కో ఫీచర్ ఒక్కో కాగితంలో ఉంది, తయారీదారు అన్నీ చేయాలని రూలేం లేదు. కాబట్టి "మాది సిప్ సపోర్ట్ చేస్తుంది" అని చెప్పినవాడు అబద్ధమాడినట్టు కాదు, మనకు కావలసింది ఇంకా చెప్పలేదు, అంతే.

నంబర్ల దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడ గజిబిజి ఉంటే మిగతా ఏ ఫీచరూ కుదురుగా ఉండదు. రెండు ఆఫీసుల్లోనూ రిసెప్షన్ 201, అకౌంట్స్ 210 అని ఉంటాయి, ఎవరూ ఎవరినీ అడిగి పెట్టుకోలేదు కదా. దీనికి రెండు మార్గాలు. ప్రతి ఆఫీసుకూ ముందు ఒక కోడ్ ఇవ్వడం ఒకటి: 8 నొక్కి, ఆ ఆఫీసు కోడ్ 12 నొక్కి, అప్పుడు 201. లేదా అందరికీ కొత్తగా నాలుగంకెల నంబర్లు ఇచ్చి, కంపెనీ మొత్తంలో ఒక నంబరు ఒక్కరికే ఉండేలా చేయడం. కోడ్ పద్ధతిలో ఎవరి నంబరూ మార్చక్కర్లేదు, గొడవ తక్కువ, అందుకే అందరూ దానివైపే మొగ్గుతారు. నేను మాత్రం వీలైతే రెండోదే చేయమంటాను. మనిషి ఇంకో బ్రాంచికి వెళ్తే నంబరు వెంట వెళ్లాలన్నా, ఎవరు ఏ ఆఫీసులో కూర్చున్నా తన నంబరుతో లాగిన్ అయి పనిచేసుకునే హాట్ డెస్కింగ్ పెట్టాలన్నా, నంబరులో ఆఫీసు కోడ్ ఇరుక్కుని ఉంటే అడ్డమే.

కోడ్ పద్ధతిలో లోపం బయటపడేది మిస్డ్ కాల్ దగ్గర. అవతలి ఆఫీసు 201 నుంచి మీకు కాల్ వచ్చింది, మీరు సీట్లో లేరు, వచ్చి చూస్తే తెర మీద 201 అని ఉంది, తిరిగి నొక్కితే మోగేది మీ సొంత రిసెప్షన్. పంపే పెట్టె గానీ అందుకునే పెట్టె గానీ ముందు 812 చేర్చి చూపించాలి, ఈ పని ఏదో ఒకటే చేయాలి, రెండూ చేస్తే 812812201 అని కనబడుతుంది (నవ్వకండి, చూశాను). అందుకే రెండు ఆఫీసులు కలపగానే నేను చేసే మొదటి టెస్టు కాల్ చేయడం కాదు, కాల్ చేసి పెట్టేసి అవతలివాళ్లను మిస్డ్ కాల్ లిస్టులోంచి తిరిగి చేయమనడం. ఇంకో చిన్న విషయం: ఎక్స్‌టెన్షన్లు అత్యవసర నంబరు ఏ అంకెతో మొదలవుతుందో ఆ అంకెతో మొదలవకుండా చూసుకోవాలి. లేకపోతే ఎవరైనా కంగారులో 112 నొక్కినప్పుడు సిస్టమ్ ఇంకో అంకె వస్తుందేమోనని కొన్ని సెకన్లు ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

ఇక ట్రాన్స్‌ఫర్. అసలు కథంతా ఇక్కడే ఉంది. బయటి నుంచి కస్టమర్ హెడ్డాఫీసుకు చేశాడు, ఆపరేటర్ ఆ కాల్‌ను బ్రాంచిలో సేల్స్ వాళ్లకు ఇచ్చింది, వాళ్లు "ఇది మాది కాదు, హెడ్డాఫీసు అకౌంట్స్‌ది" అని వెనక్కి ఇచ్చారు. ఇప్పుడు కస్టమర్ కాల్ ఉన్నది హెడ్డాఫీసు లైన్ మీద, మాట్లాడే మనిషి ఉన్నది కూడా హెడ్డాఫీసులోనే, కానీ గొంతు మాత్రం లింక్ మీదుగా బ్రాంచికి వెళ్లి, మళ్లీ అదే లింక్ మీదుగా తిరిగొస్తోంది. రెండు ఛానళ్లు, అంటే లింక్ మీద రెండు కాల్స్ చోటు, ఊరికే పోయాయి, ఆలస్యం రెట్టింపు అయింది. దీన్ని ట్రాంబోనింగ్ అంటారు. క్యూసిగ్‌లో పాత్ రీప్లేస్‌మెంట్ ఉన్నది దీనికోసమే, పెట్టెలు రెండూ మాట్లాడుకుని ఆ చుట్టుదారిని తీసేస్తాయి. సిప్‌లో రిఫర్, రీప్లేసెస్ కలిసి ఆ పని చేయగలవు, కానీ రెండు వైపులా ఒప్పుకుంటేనే. ఒక్కరు ఒప్పుకోకపోయినా చుట్టుదారే గతి. మామూలు రోజున ఎవరికీ తెలియదు, లింక్ మీద పది కాల్స్‌కు మాత్రమే చోటు పెట్టినచోట నాలుగైదు కాల్స్ ఇలా తిరిగితే మిగతావాళ్లకు బిజీ టోన్ వస్తుంది, అప్పుడు "లైన్లు సరిపోవట్లేదు, ఇంకా కొనాలి" అని మీటింగ్ పెడతారు.

బయటి లైన్ ఇచ్చే సర్వీస్ ప్రొవైడర్ దగ్గర ఇంకో చిక్కు. ఒకచోట ట్రాన్స్‌ఫర్ నొక్కగానే కస్టమర్ కాల్ తెగిపోయేది, ఆఫీసు లోపలి కాల్స్‌కు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. చూస్తే పెట్టె ఆ రిఫర్ మెసేజ్‌ను ప్రొవైడర్ వైపు పంపుతోంది, వాళ్లు దాన్ని ఒప్పుకోవట్లేదు. రిఫర్‌ను బయటికి వదలకుండా, కాల్ రెండు కొసలూ పెట్టె తనే పట్టుకుని కలిపేలా మారిస్తే సర్దుకుంది. దాని ఖరీదు ఏమిటంటే కాల్ ఉన్నంతసేపూ గొంతు ఆ పెట్టెలోంచే వెళ్లాలి. తప్పదు, తెగడం కన్నా నయం.

ట్రాన్స్‌ఫర్‌లో అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. ఆపరేటర్ ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా ఇచ్చేసిన కాల్‌ను అవతల ఎవరూ ఎత్తకపోతే ఎక్కడికి వెళ్తుంది? ఒకే పెట్టెలో అయితే కాసేపటికి ఆపరేటర్‌కే తిరిగొస్తుంది. ట్రంక్ దాటి వెళ్లిన కాల్ చాలా సిస్టమ్స్‌లో తిరిగిరాదు, అవతలి పెట్టె దాన్ని తన పద్ధతిలో ఏదో చేస్తుంది, వాయిస్‌మెయిల్‌లో పడేస్తుంది లేదా మోగీ మోగీ తెగిపోతుంది, కస్టమర్ మాత్రం "మీవాళ్లు నన్ను ఎక్కడో వదిలేశారు" అంటాడు. ఆయనకు పెట్టెలతో ఏం పని. ఇక ట్రాన్స్‌ఫర్ అయ్యాక అందుకున్నవాళ్ల తెర మీద ఎవరి నంబరు ఉండాలి? ఆపరేటర్ లైన్లోంచి తప్పుకున్నాక కస్టమర్ నంబరు రావాలి. ఆ మార్పు ట్రంక్ మీదుగా వెళ్లకపోతే చివరిదాకా ఆపరేటర్ పేరే ఉంటుంది, కాల్ తెగితే తిరిగి చేయడానికి నంబరు ఉండదు. సేల్స్ వాళ్లకు కోపమొచ్చేది ఎక్కువగా దీనికే.

ఫార్వర్డ్ పైకి అమాయకంగా కనిపిస్తుంది. ఈ ఆఫీసులో ఒకరు సెలవు పెడుతూ అవతలి ఆఫీసులో స్నేహితుడికి ఫార్వర్డ్ పెట్టారు, ఆయన కూడా ఆ వారమే సెలవు, ఈయనకే పెట్టారు. ఒకే సర్వర్ అయితే సాధారణంగా పసిగట్టి ఆపేస్తుంది. రెండు పెట్టెల మధ్య అయితే కాల్ బంతిలా అటూ ఇటూ తిరుగుతుంది, ప్రతి తిరుగుడుకూ ఒక ఛానల్ తింటూ. సిప్‌లో మాక్స్ ఫార్వర్డ్స్ అని ఒక లెక్క ఉంటుంది, మామూలుగా 70తో మొదలై దారిలో ప్రతి మజిలీకీ ఒకటి తగ్గి సున్నాకు చేరితే ఆగాలి. అయితే మధ్యలో ఉన్న పెట్టె ప్రతిసారీ కొత్త కాల్‌లా మొదలుపెట్టే రకమైతే, దాంతోపాటు ఆ లెక్కను కూడా మళ్లీ మొదటికి తెస్తే, అది ఎప్పటికీ సున్నాకు చేరదు, ట్రంక్ నిండాకే ఆగుతుంది. కాబట్టి ఒక కాల్ ఎన్నిసార్లు ఫార్వర్డ్ కావచ్చో పరిమితి పెట్టుకోండి, రెండో మూడో చాలు.

వాయిస్‌మెయిల్ గొడవ కూడా ఫార్వర్డ్‌దే. వాయిస్‌మెయిల్ సర్వర్ హెడ్డాఫీసులో ఒక్కటే పెట్టి బ్రాంచిలన్నిటికీ వాడుకోవడం మంచి ఆలోచనే, కానీ ఆ సర్వర్‌కు కాల్ చేరినప్పుడు "ఇది మొదట ఎవరికి చేసిన కాల్" అన్నది దానికి తెలియాలి, లేకపోతే ఎవరి మెయిల్‌బాక్స్ తెరవాలో దానికెలా తెలుస్తుంది? ఈ సమాచారాన్ని కొన్ని సిస్టమ్స్ కాల్ మెసేజ్‌లో డైవర్షన్ అనే హెడర్‌లో (వివరాలు రాసే వరుసలో) పంపుతాయి, కొన్ని హిస్టరీ ఇన్ఫో అనే హెడర్‌లో. ఒకటి అది పంపి ఇంకోటి ఇది చదివితే, కాల్ చేసినవాళ్లకు తప్పు మనిషి గ్రీటింగ్ అయినా వినిపిస్తుంది, "మెయిల్‌బాక్స్ నంబరు నొక్కండి" అనైనా అడుగుతుంది. మెసేజ్ వచ్చాక బ్రాంచిలో ఆ మనిషి ఫోన్ మీద దీపం వెలగడం ఇంకో అంకం, అది వెలగడమే కాదు మెసేజ్ విన్నాక ఆరడం కూడా చూడాలి. ఆరని దీపాన్ని కొన్నాళ్లకు ఎవరూ పట్టించుకోరు.

ఎవరు ఫోన్‌లో ఉన్నారో చూపించే దీపం, బీఎల్ఎఫ్ అంటాం, ఆపరేటర్‌కు ప్రాణం. అవతలి బ్రాంచిలో మేనేజర్ మాట్లాడుతున్నారని ముందే తెలిస్తే కస్టమర్‌ను అక్కడికి తోసి ఇబ్బంది పెట్టక్కర్లేదు. ఒకే సర్వర్ కింద ఇది మామూలుగా పనిచేస్తుంది. వేర్వేరు పెట్టెల మధ్య అయితే ఒకే తయారీదారువి కలిసినప్పుడు తరచుగా వస్తుంది, వేర్వేరు బ్రాండ్లయితే రాదనే అనుకుని మొదలుపెట్టండి. ఎవరైనా వస్తుందంటే మీ ఎదుట చూపించమనండి. మోగుతున్న పక్క ఫోన్‌ను మన ఫోన్‌లోంచి ఎత్తే పికప్ మాత్రం ఆఫీసులు దాటక్కర్లేదని నా అభిప్రాయం. ఇంకో ఊళ్లో మోగే ఫోన్ మనకు వినపడదు, వినపడనిది ఎత్తడమేంటి. ఎవరికైనా కావాలంటే దీపం చూసి ఆ ఒక్క ఎక్స్‌టెన్షన్‌నే ఎత్తుకునే డైరెక్టెడ్ పికప్ సరిపోతుంది. కాల్‌ను ఒక నంబరు మీద ఆపి పెట్టి ఇంకో ఫోన్‌లోంచి తీసుకునే కాల్ పార్క్ కూడా అంతే, 71లో పెట్టాను తీసుకో అన్నప్పుడు ఆ 71 ఏ ఆఫీసుదో ఇద్దరికీ ఒకటే అయితే బాగుంటుంది, కానీ ఆఫీసులు దాటి పార్క్ చేయాల్సిన అవసరం నేను పెద్దగా చూడలేదు.

నాకు బాగా ఇష్టమైన ఫీచర్ కాల్‌బ్యాక్. అవతల బిజీగా ఉంటే ఒక బటన్ నొక్కి వదిలేయడం, వాళ్లు పెట్టేయగానే మన ఫోన్ మోగుతుంది, ఎత్తితే వాళ్లకు కాల్ వెళ్తుంది. ఎత్తకపోతే కూడా, వాళ్లు తిరిగి సీట్లోకి వచ్చి ఫోన్ వాడిన తర్వాత ఇలాగే పనిచేసే రకం ఉంది. క్యూసిగ్‌తో కలిపిన ఆఫీసుల్లో ఇది చక్కగా నడిచేది. సిప్‌లో దీనికి 2013లో ఆర్ఎఫ్‌సీ 6910 వచ్చింది, కానీ రెండు వేర్వేరు పెట్టెల మధ్య నడుస్తుండగా చూడాలంటే అదృష్టం ఉండాలి. చాట్ ఉంది కదా అంటారు ఇప్పటివాళ్లు. ఉంది, నిజమే, అయినా "ఖాళీయా?" అని మెసేజ్ పెట్టి జవాబు కోసం చూడటం కన్నా ఆ బటనే సుఖం.

సపోర్ట్ టీమ్ రెండు మూడు ఆఫీసుల్లో ఉంటే హంట్ గ్రూప్ పెడతారు, అంటే ఒక నంబరుకు వచ్చిన కాల్ టీమ్‌లో ఎవరో ఒకరు ఎత్తేలా. అందరి ఫోన్లూ ఒకేసారి మోగించకండి, ముఖ్యంగా ట్రంక్ దాటి. ఒకరు ఎత్తిన మరుక్షణం మిగతావాళ్ల ఫోన్లలో మిస్డ్ కాల్ పడుతుంది, ఆ కాల్ వేరేచోట ఎత్తారన్న కబురు కూడా ఫోన్ దాకా వెళ్తేనే అది పడకుండా ఉంటుంది. ముందు స్థానికంగా మోగి, ఎవరూ ఎత్తకపోతే తర్వాతి ఆఫీసుకు పొంగిపోయేలా పెట్టడం మేలు. ఆఫీసుల మధ్య టైమ్ జోన్ తేడా ఉంటే నైట్ మోడ్ ఏ గడియారం చూసి మారుతుందో అడగండి. సర్వర్ గడియారం అయితే బ్రాంచి పొద్దున్నే తెరిచినా "ఆఫీసు మూసి ఉంది" అనే మాటే వినిపిస్తుంది.

బ్యాండ్‌విడ్త్ లెక్కలు క్లుప్తంగా: జీ.711 కోడెక్ (గొంతును డేటాగా మార్చే పద్ధతి) సెకనుకు 64 కిలోబిట్లు, ఐపీ ప్యాకెట్ల బరువుతో కలిపి ఒక్కో వైపు 80 దాకా. జీ.729 అయితే 8, కలిపితే 24. గొంతుకు రెండోది కూడా పర్వాలేదు, హోల్డ్ మ్యూజిక్ మాత్రం నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది, కాబట్టి మ్యూజిక్ ఫైల్ బ్రాంచిలోనే పెట్టి అక్కడి నుంచే వినిపించడం మంచిది. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫార్సు. లింక్ మీద ఎన్ని కాల్స్ పడతాయో అంతకు మించి రానివ్వకుండా పరిమితి పెట్టండి, ఎందుకంటే చోటు లేనప్పుడు దూరిన అదనపు కాల్ తనొక్కటే పాడవదు, అప్పటికే మాట్లాడుతున్నవాళ్లందరి గొంతులూ ముక్కలు చేస్తుంది. ఎన్ని కావాలో తేల్చడానికి డెన్మార్క్‌కు చెందిన ఎర్లాంగ్ 1917లో ఇచ్చిన సూత్రమే ఇప్పటికీ దిక్కు: రద్దీ గంటలో మూడేసి నిమిషాల కాల్స్ 200 వస్తే అది 10 ఎర్లాంగ్‌లు, అంటే సగటున ఒకేసారి పది కాల్స్ నడుస్తున్నట్టు, వందలో ఒకటికి మించి బిజీ రాకూడదంటే 18 ఛానళ్లు కావాలి. 200 కాల్స్‌కు 18 చాలా అని చాలామంది నమ్మరు. చాలు, ట్రాంబోనింగ్ లేకపోతే.

లింక్ పడిపోయినప్పుడు ఏమవుతుందన్నది ఒకే సర్వర్ పెట్టుకున్నవాళ్లు తప్పక అడగాలి. బ్రాంచిలో చిన్న గేట్‌వే ఒకటి ఉండి, సర్వర్ కనపడనప్పుడు ఫోన్లు దానికి రిజిస్టర్ అయ్యే ఏర్పాటు ఉంటుంది. కానీ ఆ స్థితిలో మామూలు కాల్స్, హోల్డ్, ట్రాన్స్‌ఫర్ లాంటివి మాత్రమే మిగులుతాయి, వాయిస్‌మెయిల్, క్యూలు, వేరే ఆఫీసుల దీపాలు అన్నీ పోతాయి. పైగా బ్రాంచికి సొంతంగా బయటి లైన్ లేకపోతే ఆ గేట్‌వే ఉండి కూడా ఇంటర్‌కామ్‌గా తప్ప పనికిరాదు. సంతకం పెట్టే ముందు ఒక సెలవు రోజు ఆ కేబుల్ పీకించి చూడండి.

బయటి లైన్లన్నీ హెడ్డాఫీసులోనే పెట్టి ఖర్చు తగ్గిస్తామని ప్రతిపాదన వచ్చినప్పుడు చాలామంది మర్చిపోయేది అత్యవసర కాల్. (కొన్ని దేశాల్లో ప్రైవేటు నెట్‌వర్క్ కాల్స్‌ను, పబ్లిక్ లైన్లను ఇలా కలపడం మీద నిబంధనలు కూడా ఉన్నాయి, అవి వేరే చూసుకోవాలి.) బ్రాంచిలో ఎవరో కుప్పకూలారు, పక్కవాళ్లు అంబులెన్స్‌కు ఫోన్ చేశారు, ఆ కాల్ వందల కిలోమీటర్ల అవతల హెడ్డాఫీసు లైన్‌లోంచి బయటికి వెళ్లింది, అటువైపు కనపడే చిరునామా హెడ్డాఫీసుది. అమెరికాలో 2018లో కారీస్ లా అని చట్టం చేసి 2020 ఫిబ్రవరి నుంచి అమలుచేశారు: ఆఫీసు, హోటల్ ఫోన్ సిస్టమ్స్‌లో బయటి లైన్ అంకె నొక్కకుండానే అక్కడి అత్యవసర నంబరు 911 కలవాలి, కాల్ వెళ్లినట్టు ఆ చోటు చూసుకునేవాళ్లకు తెలియాలి. మీ దగ్గర అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా ఆ రెండూ అడగండి, అలాగే అత్యవసర నంబర్లు మాత్రం ప్రతి బ్రాంచి నుంచీ ఆ ఊరి లైన్‌లోంచే వెళ్లాలని కొటేషన్‌లో రాయించుకోండి. హాట్ డెస్కింగ్ పెట్టినచోట మనిషి నంబరు చూసి కాదు, అతను కూర్చున్న ఫోన్ ఎక్కడుందో చూసి దారి ఎంచుకోవాలి, అది కూడా కొటేషన్‌లో అక్కడే రాయించండి.